తుంగ, గరిక, వయ్యారిభామ: గడ్డి మందు కొట్టకుండా పెరటి కలుపు పోయే దారి చెప్పండి

తెనాలి పెరడు:
అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక రెండు సెంట్ల పెరడు ఉంది. నల్లరేగడి నేల. వంగ, బెండ, టమాటా, గోంగూర వేస్తాం, రెండు కరివేపాకు చెట్లున్నాయి. పోయిన వానాకాలం నుంచి మడుల నిండా తుంగ పట్టుకుంది. పీకిన వారంలోపే మళ్ళీ పచ్చగా లేస్తోంది. దానికి తోడు గట్టు మీది గరిక మడిలోకి పాకుతోంది. విత్తనాల కొట్లో అడిగితే గడ్డి మందు కొట్టేయండి, పది రోజుల్లో మాడిపోతుందన్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ ఆకుకూరే రోజూ కోసుకు తింటాం. మందు కొట్టడానికి మనసొప్పడం లేదు. యూట్యూబ్‌లో వెనిగర్, ఉప్పు, గిన్నెల సబ్బు కలిపి కొట్టమంటున్నారు. అది పనిచేస్తుందా? ఇప్పుడు మే మొదటి వారం, మడులు ఖాళీగానే ఉన్నాయి. తొలకరి పడేలోగా ఏం చేయొచ్చో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కృష్ణా డెల్టా రైతు:
తెనాలి పెరడు గారూ, మందు వద్దనుకోవడం మంచి పని. కొట్టాయన చెప్పింది గ్లైఫోసేట్ అయ్యుంటుంది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దాన్ని వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఆ ఆరోగ్యం సంగతి పక్కన పెట్టినా, అది పచ్చగా ఉన్న దేన్నీ వదలదు. గాలికి నాలుగు తుంపరలు వంగ మొక్కల మీద పడితే అవీ పోతాయి.

ఇక తుంగ. పీకితే ఎందుకు పోదో ఒక్కసారి తవ్వి చూడండి, తెలిసిపోతుంది. మట్టిని కాస్త తడిపి, మొక్కకు జానెడు ఎడంగా గునపం దించి పెళ్ల మొత్తం పైకి లేపండి. నెమ్మదిగా విదిలించండి. మొక్క అడుగున చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్నుంచి సన్నటి కాడ, కాడ చివర శెనగగింజంత నల్లటి గడ్డ, అక్కణ్ణుంచి ఇంకో కాడ, ఇంకో గడ్డ... గొలుసుకట్టుగా సాగుతాయి. పైన పట్టుకుని లాగితే ఆ ఉబ్బు దగ్గరే తెగిపోతుంది. గడ్డలన్నీ మట్టిలోనే మిగులుతాయి. గొలుసుగా ఉన్నంతసేపూ కొన్ని గడ్డలు మొలవకుండా ఆగి ఉంటాయి, తెగ్గానే అవీ లేస్తాయి. అందుకే పీకినకొద్దీ ఎక్కువైనట్టు కనిపిస్తుంది.

దీనికి రైతులు ఎప్పటినుంచో చేస్తున్నది వేసవి దుక్కి. పెరట్లో నాగలి తిరగదు కాబట్టి పార, గునపం చాలు. ఇప్పుడే మడికి నీళ్ళు ఆపేయండి. జానెడు లోతున తవ్వి పెళ్లలు తిరగేయండి. కనిపించిన గడ్డలన్నీ ఏరండి. మిగిలినవి పైకి తేలి ఎండకు ఎండిపోతాయి. ఎండిన తుంగ గడ్డ ఇక మొలవదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండ మనకు ఊరికే దొరికే మందు. వారం పది రోజులకోసారి పెళ్లలు తిరగేస్తూ ఉండండి.

మిద్దెతోట కూకట్‌పల్లి:
వెనిగర్ గురించి నేను చెప్తానండీ. వంటింటి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం 4 నుంచి 5 శాతం. అది తగిలిన ఆకు మాడుతుంది, అంతవరకే. వేరు దాకా దిగదు. రెండు మూడాకుల మీదున్న లేత మొలకలు చస్తాయి. తుంగ, గరిక లాంటివి పైన మాడి వారంలో కింద నుంచి మళ్ళీ చిగురిస్తాయి. డబ్బు దండగ.

ఉప్పు మాత్రం వద్దే వద్దు. అది మట్టిలో కరిగిపోయి మాయమయ్యేది కాదు. వానకు కొట్టుకుపోయేదాకా అక్కడే ఉంటుంది, వేర్లకు నీళ్ళు అందకుండా చేస్తుంది. మీది నల్లరేగడి, నీరు త్వరగా కిందికి ఇంకదు, కాబట్టి ఇంకా ఎక్కువ కాలం ఉండిపోతుంది. మా కాలనీలో ఒకరు గేటు పక్కన గడ్డి పోవాలని రాళ్ళ ఉప్పు చల్లారు. ఆ పక్కనే ఉన్న మందార ఆకుల అంచులు మాడి, చివరికి చెట్టే ఎండిపోయింది.

తెనాలి పెరడు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఉప్పు ఆలోచన మానేస్తున్నా. పారదర్శకమైన పాలిథీన్ షీటు పరిచి ఎండబెట్టడం గురించి కూడా విన్నాను. వేసవి దుక్కి చేయాలా, షీటు వేయాలా? రెండూనా?

అనంతపురం మొక్కలు:
షీటే వేయండి. దాన్ని సాయిల్ సోలరైజేషన్ అంటారు. మా పెరట్లో ఏటా చేస్తాం, టమాటా మడిలో కలుపు సగానికి సగం తగ్గుతుంది. మట్టిలో ఉండే ఎండు తెగులు శిలీంధ్రం కూడా తగ్గుతుంది.

పద్ధతి ఇది. మడిని చదును చేసి, పెళ్లలు లేకుండా చిదిపి, బాగా తడపండి. తడి ఉంటేనే వేడి కిందికి పాకుతుంది, తడిసిన విత్తనమే తేలిగ్గా చస్తుంది. 25 నుంచి 50 మైక్రాన్ల మందం ఉన్న తెల్లటి, లోపలికి కనిపించే షీటు మట్టిని అంటుకునేలా పరవండి. మధ్యలో గాలి ఖాళీలు ఉండకూడదు. అంచులు చుట్టూ చిన్న కాలువ తీసి మట్టితో పూడ్చేయండి. 4 నుంచి 6 వారాలు కదపొద్దు. మన ఎండల్లో పై రెండు మూడంగుళాల మట్టి 50 డిగ్రీలు దాటుతుంది. నల్ల షీటు వద్దు, అది పైన వేడెక్కుతుంది కానీ కింద మట్టి అంతగా వేడెక్కదు.

కృష్ణా డెల్టా రైతు:
@అనంతపురం మొక్కలు, గింజ నుంచి వచ్చే కలుపుకు మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఆవిడ బాధ తుంగతో. లోతున ఉన్న గడ్డల దాకా ఆ వేడి సరిగా చేరదు. పైది చచ్చి కిందిది మిగిలితే జూలైలో మళ్ళీ మొదటికొస్తారు.

అనంతపురం మొక్కలు:
ఒప్పుకుంటానన్నా. మా ఎర్ర నేలలో తుంగ తక్కువ, పల్లేరు, గలిజేరు ఎక్కువ. అలాగైతే వరుస మార్చుకోవచ్చు. ముందు పది పన్నెండు రోజులు మీరు చెప్పినట్టు నీళ్ళు కట్టకుండా తవ్వి, గడ్డలు ఏరి ఎండబెట్టాలి. తర్వాత చదును చేసి తడిపి షీటు వేయాలి. మే మధ్యలో వేస్తే జూన్ మూడో వారం దాకా ఉంచొచ్చు. నారు ఎటూ అప్పటికే సిద్ధమవుతుంది. షీటు తీశాక మాత్రం మడిని లోతుగా తవ్వొద్దు, కింద బతికున్న విత్తనాలు పైకొస్తాయి. గుంట తీసి నారు నాటుకోవడమే.

కృష్ణా డెల్టా రైతు:
ఈ వరుస బాగుంది. తెనాలి పెరడు గారూ, ఇదే చేయండి. ఒక్క మాట, ఏరిన తుంగ గడ్డల్ని కంపోస్టు గుంటలో వేయకండి. సిమెంటు గచ్చు మీద పరిచి గలగలలాడేలా ఎండబెట్టండి. సున్నిపిండిలో కలిపే తుంగముస్తలు ఇవే.

కోనసీమ కోడలు:
మాకు వేసవి దుక్కి కుదరదండీ. కొబ్బరితోట నీడ, ఏడాది పొడవునా తడి. మేం నమ్ముకున్నది నేల కప్పి ఉంచడమే. మట్టికి ఎండ తగలకపోతే చాలా రకాల కలుపు గింజలు మొలవనే మొలవవు. కొబ్బరి డొక్కలు బోర్లించి చెట్ల మొదళ్ళ చుట్టూ పేరుస్తాం. కూరగాయల మడుల్లో వరిగడ్డి, ఎండుటాకులు, చిదిమిన కొబ్బరాకు వేస్తాం.

మందం ముఖ్యం. పలుచగా జల్లితే తడి నిలిచి కలుపుకే మేలవుతుంది. నాలుగంగుళాలు ఉండాలి, నెలకే అది అణిగి రెండంగుళాలవుతుంది, మళ్ళీ పైన వేస్తూండాలి. మొక్క కాండానికి ఆనించకండి, రెండంగుళాలు ఎడం వదలండి, లేకపోతే వానల్లో మొదలు కుళ్ళుతుంది. నత్తలు దాక్కుంటాయి కాబట్టి రాత్రిపూట టార్చి వేసి చూసి ఏరుకోవాలి.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు జీవామృతం, బీజామృతంతో సమానంగా ఆచ్ఛాదన అని చెప్పేది దీన్నే. చాలామంది జీవామృతం చల్లేసి ఆచ్ఛాదన వదిలేస్తారు. కలుపు విషయంలో పని చేసేది ఆచ్ఛాదనే.

ఇంకోటి, ఖాళీ ఉన్నచోట చిలగడదుంప తీగలు గుచ్చండి. నెలా నెలన్నరలో నేలంతా అల్లుకుంటుంది. తుంగకు నీడంటే పడదు, ఆ ఆకుల కింద నీరసించి సన్నబడిపోతుంది. గుమ్మడి, అలసంద కూడా అంతే. మా అత్తగారు నేల ఖాళీగా కనిపిస్తే చాలు ఏదో ఒక పాదు పెట్టేస్తారు.

డాలస్ తోటమాలి:
వదినా, మీ చిలగడదుంప చిట్కా ఇక్కడ కూడా పనిచేస్తుంది. టెక్సాస్‌లో మాకు తుంగ, గరిక రెండూ ఉన్నాయి. ఇక్కడి వాళ్ళు లాన్ కోసం డబ్బిచ్చి పెంచుకునే బెర్ముడా గడ్డి మన గరికే. ఇంటి ముందు పచ్చగా ఉండాలని నీళ్ళు పోస్తాం, వెనక దోసపాదుల్లోకి వస్తే పీకుతాం.

గరికకు నేను చేసేది చెప్తాను. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు దాచిపెడతాను. టేపు, స్టిక్కర్లు పీకేసి, గడ్డి కత్తిరించిన నేల మీద అర అడుగు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి బాగా తడుపుతాను. పైన నాలుగంగుళాల కంపోస్టు పోసి అందులోనే నాటేస్తాను. వెలుతురు లేక కింద గడ్డి చాలావరకు చస్తుంది, అట్ట మట్టిలో కలిసిపోతుంది. కానీ గరిక అంచుల నుంచి పాకుతుంది. అందుకే మడి చుట్టూ అర అడుగు లోతు, పార వెడల్పు కాలువ తీసి ఖాళీగా ఉంచుతాను. కాలువ దాటబోయే తీగ కంటికి కనిపిస్తుంది, అక్కడికక్కడే కోసేయొచ్చు. ఈ కాలువ లేకుండా అట్టలు ఎన్ని వేసినా ఫలితం ఉండదు. తుంగకు మాత్రం అట్ట నమ్ముకోకండి. దాని మొన సూదిలా ఉంటుంది, నల్ల మల్చింగ్ షీటునే పొడుచుకొస్తుంది.

సిద్దిపేట చెల్క:
గరిక కోసేటప్పుడు ముక్కలు మడిలో పడకుండా చూడండి. ప్రతి కణుపు నుంచి వేరు దిగుతది. రోటవేటరు లాంటివి తిప్పితే ఒక్క తీగ వంద మొక్కలైతది. చేత్తో తీగ పట్టుకుని, ఇంకో చేత్తో ఖుర్పీతో వేరు సడలిస్తూ పొడుగ్గా లాగాలె.

నాదో ప్రశ్న. మా ఇంటి పక్క ఖాళీ ప్లాటు నిండా వయ్యారిభామ. మా అమ్మకు దాని గాలికే చేతులు దద్దుర్లు వస్తయి, రాత్రి దగ్గు. ప్లాటు ఓనరు ఫోన్ ఎత్తడు. ఏం చేయాలె?

కృష్ణా డెల్టా రైతు:
తమ్ముడూ, అమ్మగారిని ఆ ఛాయలకు వెళ్ళనివ్వద్దు. ఆ ఎలర్జీ తగిలినకొద్దీ పెరుగుతుంది, చర్మం డాక్టరుకు ఒకసారి చూపించండి.

వయ్యారిభామ మన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950లలో పుణె దగ్గర మొదట గమనించారు, దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. దీన్నే కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, అందుకే పూత రాకముందు పీకడం ఒక్కటే దారి. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, పూర్తి చేతుల చొక్కా, గ్లవుజులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేరుతో సహా లాగండి. కోస్తే మొదలు నుంచి మళ్ళీ పిలకలేస్తుంది. పూత రానిదాన్ని పేడతో కలిపి కంపోస్టు చేయొచ్చు. పూత వచ్చినదాన్ని కంపోస్టులో వేయకండి.

పీకిన చోటు ఖాళీగా వదలకండి. తగిరిస గింజలు (కొన్నిచోట్ల తంటెం అంటారు) ఊరి బయట దొరుకుతాయి, తొలకరికి ముందు ఒత్తుగా చల్లండి. అది త్వరగా ఎదిగి వయ్యారిభామను అణిచేస్తుంది. వానాకాలంలో వయ్యారిభామ ఆకుల మీద తెల్లటి ఒంటి మీద నల్లచారలున్న పెంకు పురుగులు కనిపిస్తే చంపొద్దు. మెక్సికో నుంచి బెంగళూరుకు తెప్పించి 1984లో వదిలిన పురుగులవి, వయ్యారిభామ ఆకే వాటి తిండి. పంట పండించని చోట్ల ఉప్పు ద్రావణం కొట్టమని కూడా చెప్తారు కానీ మీ గోడ పక్కనే తోట ఉంది, ఆ జోలికి పోకండి.

సిద్దిపేట చెల్క:
మంచిదన్నా. ఆదివారం కాలనీ పిల్లలను నలుగురిని తోలుకొని పనిలో దిగుతా. తగిరిస మా చెరువుకట్ట మీద మస్తు ఉంటది.

జహీరాబాద్ అక్క:
ఇంతసేపు అందరూ పీకడం, చంపడం గురించే మాట్లాడుతున్నారు. మా వైపు సగం కలుపు కూరగిన్నెలోకి పోతుంది. గంగవాయిలి కూర (మీ గుంటూరు వైపు పాయలాకు), చెంచలాకు, అడవి తోటకూర, పులిచింత, ఇవన్నీ ఎవరూ వేయకుండా చేలో మొలిచే కూరలే. ఇక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఇలాంటి కూరల విలువ గురించి ఏళ్ళ తరబడి చెప్తున్నారు. మందు కొట్టిన చేలో ఈ కూరలు ఉండవని వాళ్ళ బాధ.

గంగవాయిలి పూత రాకముందు లేతగా గిల్లి, కందిపప్పులో వేసి, చింతపండు వేయకుండా వండి చూడండి, ఆ పులుపు దానిదే. కానీ గుర్తుపట్టి కోయండి. నేల మీద పరుచుకునే నానబాలు దూరం నుంచి అలాగే ఉంటుంది. కాడ తుంచితే తెల్లటి పాలు వస్తే అది తినేది కాదు. గంగవాయిలి కాడ తుంచితే నీరు తప్ప పాలు రావు, ఆకు దళసరిగా నున్నగా ఉంటుంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు ఈ కూర తినకపోవడం మంచిది.

మిద్దెతోట కూకట్‌పల్లి:
అక్కా, పులిచింత తినడం సరే కానీ కుండీల్లో దాంతో మాకు పెద్ద టెన్షన్. కాయ పండితే తాకగానే చిట్లి గింజలు పక్క కుండీల దాకా ఎగురుతాయి. కాయ రాకముందే తీసేయాలి, అది కూడా నీళ్ళు పోసిన గంట తర్వాత, వేరు తెగకుండా.

మిద్దె మీద కలుపు గాలికి వచ్చేది తక్కువ, మనం మోసుకెళ్ళేదే ఎక్కువ. సరిగా మాగని పశువుల ఎరువులో గడ్డి గింజలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆవు కడుపులో కూడా అన్నీ అరగవు. కుప్పలో చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే 55 నుంచి 60 డిగ్రీలు, కొన్ని రోజులు పుట్టి, మధ్యమధ్యలో తిరగేసిన ఎరువైతే చాలా గింజలు చచ్చిపోతాయి. అలా మాగిందో లేదో తెలియనప్పుడు కొన్న ఎరువును, ఎర్రమట్టిని కలిపి తడిపి రెండు వారాలు పక్కన పెట్టండి. మొలిచేవి మొలుస్తాయి. ఒకసారి పైపైన గీకేసి అప్పుడు కుండీలు నింపండి. నేల మీద మడులకు కూడా ఇదే చేయొచ్చు. విత్తే ముందు ఒకసారి తడిపి, మొలిచిన కలుపును దోకుడు పారతో అంగుళం లోతున గీకేసి, మట్టి కదపకుండా విత్తనం వేయాలి.

విశాఖ కొండవాలు:
ఇంటి ముందు పేవర్ రాళ్ళ సందుల్లో గడ్డికి ఏం చేస్తారు? అక్కడ తవ్వలేం, కప్పలేం.

డాలస్ తోటమాలి:
సలసల మరిగే నీళ్ళు. మూతి సన్నగా ఉన్న కెటిల్‌తో నేరుగా మొదట్లో పోయండి. లేత గడ్డి ఒక్కసారికే పోతుంది, ముదిరిందైతే పది రోజులకోసారి రెండు మూడుసార్లు. చెప్పులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చెట్టు వేర్లున్న చోట పోయొద్దు. తర్వాత సందుల్లో ఇసుక నింపి చీపురుతో దట్టిస్తే మళ్ళీ మట్టి చేరడం తగ్గుతుంది.

తెనాలి పెరడు:
ఇన్ని విషయాలు చెప్తారనుకోలేదు. ఇవాళ పొద్దున్నే ఒక మడిలో తవ్వి చూశానండీ, డెల్టా రైతు గారు చెప్పిన గొలుసు అచ్చం అలాగే ఉంది. ఒక్క పెళ్లలోనే గుప్పెడు గడ్డలు వచ్చాయి. మా పిల్లలు పోటీ పడి ఏరుతున్నారు. రెండు సందేహాలు. వానలు మొదలయ్యాక మిగిలిపోయిన తుంగ లేస్తే అప్పుడు మొక్కల మధ్య ఏం చేయాలి? వరిగడ్డి వేస్తే అందులోని వడ్లు మొలవవా?

కృష్ణా డెల్టా రైతు:
కొంత లేస్తుందమ్మా, కంగారు పడకండి. ఆకు బయటికి రాగానే నేలమట్టానికి గీకేయండి. రెండు వారాలకోసారి మానకుండా చేయాలి. ఆకు ఉంటేనే అది కొత్త గడ్డకు తిండి పంపుతుంది. ఆకు రానివ్వకపోతే ఉన్న గడ్డలోని పిండి ఖర్చు చేసుకుంటూ నీరసపడుతుంది. నెలన్నర వదిలేశారంటే ఈ వేసవి కష్టమంతా పోతుంది. మొక్క మొక్కకూ మొదట్లో మాత్రమే నీళ్ళు పోయండి, పైపు పట్టుకుని మడంతా తడిపితే సందుల్లోని కలుపుకు కూడా పోసినట్టే. నాటిన మొదటి నలభై రోజులు జాగ్రత్తగా ఉంటే తర్వాత వంగ, బెండ ఆకులే నేలకు నీడ పడతాయి.

ఒక మడి ఈ సీజనుకు వదులుకోగలిగితే అందులో జనుము ఒత్తుగా చల్లండి. ఆ నీడకు కలుపు లేవదు. పూత మొదలయ్యే వేళకు, అంటే నెలన్నర దగ్గరలో, కోసి అక్కడే మట్టిలో కలిపేస్తే ఎరువు కూడా.

కోనసీమ కోడలు:
వడ్లు కొన్ని మొలుస్తాయి, నిజమే. వరి మొలక వేరు పైపైనే ఉంటుంది, రెండు వేళ్ళతో లాగితే వచ్చేస్తుంది, పీకి అక్కడే పడేయండి. నూర్చిన గడ్డిని మడిలో వేసేముందు గచ్చు మీద నాలుగు దెబ్బలు కొట్టి దులిపితే ఆ వడ్లూ పోతాయి. తాలు పోగయితే కోళ్ళకు వేయండి. మీ తెనాలి చుట్టూ అంతా వరే కాబట్టి గడ్డికి కొదవుండదు, ఇప్పుడే ఒక మోపు తెచ్చి తడవకుండా పెట్టుకోండి, వానలు మొదలయ్యాక పొడిగడ్డి దొరకడం కష్టం.